డిగ్రీలో అప్రెంటిస్‌షిప్: జిల్లా కాలేజీలో నిజంగా నడవాలంటే ఏమేం కావాలి?

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. జిల్లా కేంద్రంలోని ఒక మామూలు డిగ్రీ కాలేజీని ఊహించుకోండి. బీఎస్సీ కెమిస్ట్రీ, ఆక్వాకల్చర్, బీకాం, మూడు గ్రూపుల్లో ఇరవై మంది చొప్పున 60 మంది. వీళ్లకి అప్రెంటిస్‌షిప్‌తో కూడిన డిగ్రీ, అదే ఏఈడీపీ, పెట్టాలంటే ముందు ఏది సరిచూసుకోవాలి?

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 బ్యాచ్ నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, ఆపైన 5 లేదా 6వ సెమిస్టర్ మొత్తం. ఉద్దేశం చాలా మంచిది. కానీ చుట్టుపక్కల కంపెనీలు లేని చోట అది సర్టిఫికెట్ కొనుక్కునే తంతుగా మారింది. అప్రెంటిస్‌షిప్ కూడా అదే దారి పట్టకూడదని అడుగుతున్నాను. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

చట్టం_చదువరి
ఇంటర్న్‌షిప్ వేరు, అప్రెంటిస్‌షిప్ వేరు అండీ. కాలేజీల్లో ఈ రెండింటినీ ఒకటిగానే మాట్లాడుతున్నారు, చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

ఇంటర్న్‌షిప్‌కి కాలేజీ ఉత్తరం, కంపెనీ ఉత్తరం ఉంటే చాలు. స్టైపెండ్ ఇవ్వాలన్న నిబంధన లేదు. అప్రెంటిస్‌షిప్ మాత్రం 1961 అప్రెంటిస్ చట్టం కిందికి వస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది పోర్టల్‌లో నమోదు కావాలి, కనీస స్టైపెండ్ ఇవ్వాలి. ఏఈడీపీలో కాలేజీ, సంస్థ, విద్యార్థి ముగ్గురూ సంతకం పెడతారు.

సంస్థల మీద ఉన్న బాధ్యత కూడా తెలిసి ఉండాలి. 2019 సవరణ తర్వాత 30 మంది, అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. కాంట్రాక్టు వాళ్లతో కలిపి మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్న సంస్థలకు ఇది ఐచ్ఛికం. అంటే 120 మంది పనిచేసే ఫ్యాక్టరీలో కనీసం ముగ్గురు, గరిష్ఠంగా 18 మంది. ప్రిన్సిపాల్ ఆ ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు "మా పిల్లలకి అవకాశం ఇప్పించండి" అని బతిమాలనక్కర్లేదు. "మీకు చట్టప్రకారం ఉన్న కోటాలో మా వాళ్లని తీసుకోండి" అని అడగవచ్చు. మాట తీరు మారితే జవాబూ మారుతుంది.

2025లో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడేళ్ల డిగ్రీలో ఒకటి నుంచి మూడు సెమిస్టర్లు, నాలుగేళ్ల డిగ్రీలో రెండు నుంచి నాలుగు సెమిస్టర్లు అప్రెంటిస్‌షిప్‌కి కేటాయించవచ్చు.

లెక్కలగంప
డబ్బు లెక్క నేను చెబుతాను. 2019 నిబంధనల్లో డిగ్రీ అప్రెంటిస్‌కి కనీస స్టైపెండ్ నెలకి 9,000 రూపాయలు, డిప్లొమా వాళ్లకి 8,000. విద్యా మంత్రిత్వ శాఖ నడిపే నాట్స్ పథకంలో కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. డిగ్రీకి 4,500. ఆ సగం ఇప్పుడు నేరుగా విద్యార్థి ఖాతాలోకే వస్తుంది. మిగతా సగం కంపెనీ ఇవ్వాలి. పది మందిని ఆరు నెలలకి తీసుకున్న కంపెనీకి అయ్యే కనీస ఖర్చు 4,500 × 10 × 6, అంటే 2,70,000 రూపాయలు. మేనేజరుతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క అంకె కాగితం మీద రాసి చూపించండి, మిగతా ప్రసంగం తర్వాత.

2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ మొత్తాలను 36 శాతం పెంచమని సిఫారసు చేసింది. 5,000-9,000 మధ్య ఉన్నది 6,800-12,300 అవుతుంది. కాబట్టి పాత కరపత్రంలో చూసిన అంకె వేయకుండా, ఒప్పందం నమోదు చేసే రోజు పోర్టల్ ఎంత చూపిస్తే అంత వేయండి.

ఇక క్రెడిట్లు. జాతీయ క్రెడిట్ విధానంలో ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు. ఒక క్రెడిట్‌కి 30 గంటలు. సెమిస్టర్‌కి 20 క్రెడిట్లు, 600 గంటలు. వారానికి 48 గంటల చొప్పున 24 వారాలు ఫ్యాక్టరీలో ఉన్న పిల్లవాడు పనిచేసేది 1,152 గంటలు. ఆంధ్రప్రదేశ్‌లో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కి ఇచ్చినది 12 క్రెడిట్లు, అంటే 360 గంటల విలువ. యూనివర్సిటీలో సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఆ 12 క్రెడిట్లనే ఏఈడీపీకీ అంటించి, మిగతా 8 క్రెడిట్లకి రెండు థియరీ పేపర్లు పెడితే ఏమవుతుంది? షిఫ్ట్ చేసి వచ్చినవాడు రాత్రిపూట కూర్చుని చదవాలి. రెండో నెలలోనే మానేస్తాడు. అప్రెంటిస్‌షిప్ సెమిస్టర్‌కి పూర్తి 20 క్రెడిట్లు పనికే ఇవ్వాలి. ఇది తేలకుండా కంపెనీల దగ్గరికి వెళ్లడమే తప్పు.

పటాన్‌చెరు_క్యూసీ
కెమిస్ట్రీ పిల్లల సంగతి చెప్త. ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌కు బీఎస్సీ పిల్లలు వస్తే మొదటి నెలంత ఒక్క అలవాటు మాన్పించనీకే పోతది. ఆ అలవాటు కాలేజీల నేర్పిందే.

కాలేజీ ల్యాబ్‌ల ఏం చేస్తరు? రీడింగులు రఫ్ నోట్‌బుక్కుల రాస్తరు. ఇంటికి పోయినంక రికార్డుల సాఫ్‌గ దింపుతరు. రీడింగ్ సరిగ్గ రాకపోతే పక్కోని రీడింగ్ వేస్తరు. తప్పు పడితే వైట్‌నర్. రికార్డు అందంగ ఉంటే మార్కులు. గదే పని మందుల ల్యాబ్‌ల చేస్తే అది డేటా ఇంటెగ్రిటీ ఉల్లంఘన. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ చిత్తు కాగితం మీద రీడింగ్ చూసిండంటే కంపెనీ మొత్తానికి హెచ్చరిక లేఖ రావచ్చు.

కంపెనీల పద్ధతి ఏందంటే: ఎవరు రాసిన్రో తెలవాలె, చదవనీకి రావాలె, పని అయ్యేటప్పుడే రాయాలె, మొదట రాసిన కాగితమే ఉండాలె, ఉన్నది ఉన్నట్టు ఉండాలె. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, కింద తప్పు అగుపడేటట్టు ఉంచి, పక్కన సరైనది రాసి, సంతకం, తారీఖు, కారణం పెట్టాలె. తూకం మిషన్ స్లిప్పు అతికిస్తే సంతకం సగం స్లిప్పు మీద, సగం పేజీ మీద పడాలె.

దీనికి కాలేజీకి రూపాయి ఖర్చు లేదు. రఫ్ బుక్కు, రికార్డు రెండు తీసేసి, పేజీ నంబర్లున్న ఒక్క బైండు నోట్‌బుక్కు పెట్టండి. మొదటి సెమిస్టర్ నుంచే. రీడింగ్ తప్పు వచ్చినా నిజంగ రాసినోనికి మార్కులు ఇవ్వండి.

గోదారిగట్టు
క్యూసీ అన్నా, ఇది బంగారం లాంటి మాట. హెచ్‌పీఎల్‌సీ మిషన్ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచేది) లేని కాలేజీ ఇంకేం నేర్పగలదు?

పటాన్‌చెరు_క్యూసీ
మిషన్ లేకున్నా చానా నేర్పొచ్చు. పిపెట్ కాలిబ్రేషన్ తీసుకోండి. 10 మిల్లీలీటర్ల పిపెట్‌తోని 25 డిగ్రీల దగ్గర డిస్టిల్డ్ వాటర్ తీసి, ముందుగ తూకం చూసిన చిన్న బీకరుల పోసి తూచాలె. సుమారు 9.96 గ్రాములు రావాలె. క్లాస్ ఏ పిపెట్ అయితే 0.02 మిల్లీలీటర్ కన్నా తేడా ఉండొద్దు. ఒక్కో పిల్లగాడు పది సార్లు చేసి, సగటు, స్టాండర్డ్ డీవియేషన్ కట్టాలె. గప్పుడు చెయ్యి ఎంత స్థిరంగ ఉందో వానికే తెలుస్తది. దీనికి నాలుగు దశాంశాల తూకం మిషన్ ఒక్కటి ఉంటే చాలు.

హెచ్‌పీఎల్‌సీ మీద కొత్తోళ్లు చేసే పెద్ద తప్పు ఇంకోటుంది. సాయంత్రం ఫాస్ఫేట్ బఫర్ (ఉప్పు కలిపిన ద్రావణం) కాలమ్‌ల, అంటే పదార్థాలు విడిపోయే గొట్టంల, వదిలి పోతరు. లేకపోతే కడగాలని ఒక్కసారే అసిటోనైట్రైల్ ఎక్కిస్తరు. ఉప్పు కాలమ్‌ల గడ్డకడతది, తెల్లారి ప్రెషర్ పెరిగి పంపు ఆగుతది. ముందు 90 భాగాల నీళ్లు, 10 భాగాల మెథనాల్‌తోని కడిగి, ఉప్పు పోయినంకనే ఆర్గానిక్ శాతం పెంచాలె. ఎందుకు గట్ల అంటే ద్రావణీయత. ఫాస్ఫేట్ నీళ్లల్ల కరుగుతది, అసిటోనైట్రైల్‌ల కరగది. పిల్లలకు ఈ థియరీ తెలుసు, కని కాలమ్‌తోని ముడిపెట్టి ఎవరూ చెప్పలే.

రొయ్యలచెరువు
ఆక్వా గురించి నేను. భీమవరం, ఆ చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్లు ఉన్నాయి కాబట్టి జాగాల కొరత ఉండదు అనుకుంటారు. జాగాలు ఉంటాయి గానీ ఏ పని అన్నది చూసుకోవాలండీ. డిగ్రీ పిల్లల్ని తీసుకెళ్లి పీలింగ్ బల్ల దగ్గర కూర్చోబెడితే అది అప్రెంటిస్‌షిప్ కాదు, కూలి. ఒప్పందంలో పనులు పేరుపేరునా రాయించుకోండి: రా మెటీరియల్ దిగినప్పుడు కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) తీయడం, ఉష్ణోగ్రత నమోదు, కడిగే నీళ్లలో క్లోరిన్ పీపీఎం చూడటం, ఫ్రీజింగ్ తర్వాత సరుకు లోపల మైనస్ 18 డిగ్రీలకి చేరిందో లేదో చూడటం, హాసప్ (ఆహార భద్రత పద్ధతి) రికార్డులు, ల్యాబులో యాంటీబయోటిక్ అవశేషాల పరీక్షకి నమూనా తయారు చేయడం.

నైట్రోఫ్యూరాన్ అవశేషాలు, క్లోరాంఫెనికాల్, ఈ రెండు యాంటీబయోటిక్‌లూ ఎగుమతికి ప్రాణాంతకం. ముందు ఎలైసా కిట్‌తో వడపోస్తారు, అనుమానం వస్తే ఎల్‌సీఎంఎస్ అనే ఇంకా కచ్చితమైన మిషన్‌తో నిర్ధారిస్తారు. ఎలైసా అంటే 96 గుంటల ప్లేటు. అక్కడ కావాల్సింది మైక్రోపిపెట్ మీద చెయ్యి. పైన క్యూసీ గారు చెప్పిన పిపెట్ అభ్యాసం ఆక్వా పిల్లలకీ చేయించండి. కాలేజీలో సులువుగా చేయించగలిగింది ఇంకోటి, థర్మామీటర్ సరిచూడటం. పొడిచేసిన ఐసులో కొంచెం నీళ్లు కలిపి ముద్దగా చేసి, ప్రోబ్ మధ్యలో ఉంచితే సున్నా చూపించాలి. నీళ్లు ఎక్కువైతే ఐసు పైకి తేలి, అడుగున ఉష్ణోగ్రత సున్నా కన్నా ఎక్కువ చూపిస్తుంది. థర్మామీటరే తప్పని పొరపడి పక్కన పడేస్తారు.

ఒక హెచ్చరిక కూడా. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల ఎగుమతి ఎలా ఊగిసలాడిందో చూశాం. ఇరవై మందినీ ఒకే రకం ప్లాంట్లలో పెట్టకండి. హేచరీలు, మేత కంపెనీలు, నీటి పరీక్ష ల్యాబులు, కోల్డ్ స్టోరేజీలు, అన్నింట్లోకీ పంచండి.

బీకాం_బల్ల
బీకాంకి వేరే ఇబ్బంది. చిన్న ఊళ్లో పని నిజంగా నేర్పేది ట్యాక్స్ ప్రాక్టీషనర్లు, ఆడిటర్ ఆఫీసులు, హోల్‌సేల్ కొట్లు, రైస్ మిల్లులు. వీటిలో చాలా వాటిలో సిబ్బంది ముప్పై మంది దాటరు, కొన్నింట్లో నలుగురు కూడా ఉండరు. నలుగురు లేకపోతే అప్రెంటిస్‌ని నమోదు చేయడమే కుదరదు. అలాంటి చోటికి చట్టబద్ధమైన అప్రెంటిస్‌షిప్ అని పంపకండి. అది ఇంటర్న్‌షిప్ అనే చెప్పి, క్రెడిట్లు ఆ లెక్కన ఇవ్వండి. అబద్ధం రాసి ఇరుక్కోవద్దు.

రెండోది సెమిస్టర్ ఎంపిక. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నా దృష్టిలో చాలా ముఖ్యం. ఆదాయపు పన్ను రిటర్నులు జూలై చివర, ట్యాక్స్ ఆడిట్ సెప్టెంబర్ చివర. జీఎస్టీలో నెలనెలా రిటర్ను వేసేవాళ్లకి 11న అమ్మకాల వివరాల జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే జీఎస్టీఆర్-3బి. జూలైలో చేరి నవంబర్ దాకా ఉన్న విద్యార్థి ఒక ఆఫీసులో జరిగే పని మొత్తం చూస్తాడు. జనవరిలో చేరినవాడికి చాలా వరకు కాగితాలు దొంతర పెట్టే పనే దొరుకుతుంది. కాబట్టి బీకాంకి 5వ సెమిస్టర్. రొయ్యలకి వేసవి పంట పట్టుబడి వచ్చే రోజులు కలిసేలా 6వ సెమిస్టర్. కాలేజీ అంతటికీ ఒకే సెమిస్టర్ అని యూనివర్సిటీ పట్టుబట్టకూడదు.

పంపేముందు ఇవి చేయించండి: ఒక కొట్టు ఒక నెల బిల్లులు, ఓ వంద, టాలీలో ఎక్కించడం, జీఎస్టీ పోర్టల్ ఇచ్చే 2బి స్టేట్‌మెంట్‌తో (అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా) కొనుగోళ్లు సరిపోల్చి తేడాలు పట్టడం, 50 వేలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు తీయడం. 2బితో సరిపోల్చడం వచ్చినవాడిని ఆఫీసు వాళ్లు వదులుకోరు, ఎందుకంటే ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకి వచ్చే తగ్గింపు) పోయేది అక్కడే.

విశాఖ_విద్య
నేను కొంచెం ఎదురు వాదిస్తాను, మన్నించండి. ఈ చర్చంతా డిగ్రీ కాలేజీ పని ఫ్యాక్టరీకి మనుషుల్ని తయారుచేయడమే అన్నట్టు సాగుతోంది. మూడేళ్ల కెమిస్ట్రీలో మూడు సెమిస్టర్లు ఫ్యాక్టరీకి ఇస్తే మిగిలేది మూడు సెమిస్టర్లు. అందులో భాషలు, మైనర్ సబ్జెక్టు పోగా ఆర్గానిక్, ఫిజికల్, ఇనార్గానిక్ చెప్పడానికి సమయం ఎక్కడ? రేపు ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాయాల్సిన అమ్మాయి పరిస్థితి ఏంటి? పట్నంలో స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ పిల్లలు సైన్సు చదువుతారు, జిల్లా కాలేజీ పిల్లలు షిఫ్టులు చేస్తారు. ఈ విభజన విధానం పేరుతో స్థిరపడితే అన్యాయం.

రిటైల్, లాజిస్టిక్స్ లాంటి కోర్సుల్లో మూడు సెమిస్టర్లు పెట్టండి, అభ్యంతరం లేదు. కోర్ సైన్సుల్లో ఒక్క సెమిస్టర్ దాటకూడదు. విద్యార్థి ఇష్టపడి ఎంచుకోవాలి, సెక్షన్ మొత్తానికి అంటగట్టకూడదు.

లెక్కలగంప
విశాఖ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒకే సెక్షన్‌లో రెండు దారులు ఉంచడానికి టైమ్‌టేబుల్ కష్టమేమీ కాదు. 20 మందిలో 12 మంది అప్రెంటిస్‌షిప్ తీసుకుంటే మిగతా 8 మందికి ఆ సెమిస్టర్ థియరీ మామూలుగా నడుస్తుంది. అసలు కష్టం లెక్చరర్లు చాలని చోట. అక్కడ థియరీ నడపలేక అందర్నీ బయటికి పంపేయాలన్న ఒత్తిడి వస్తుంది. దాన్ని అడ్డుకోవాల్సింది ఉన్నత విద్యామండలి. ఒక గ్రూపులో ఇంత శాతానికి మించి అప్రెంటిస్‌షిప్‌కి పంపకూడదు అని అనుమతి పత్రంలోనే రాయాలి.

చట్టం_చదువరి
అమ్మాయిల ప్రస్తావన వచ్చింది కాబట్టి నాలుగు ముక్కలు. ఫార్మా ప్లాంట్లలో షిఫ్టులు సాధారణంగా ఉదయం 6 నుంచి 2, 2 నుంచి రాత్రి 10, 10 నుంచి ఉదయం 6. ఒప్పందంలో జనరల్ షిఫ్టు లేదా మొదటి షిఫ్టు అని రాయించుకోవాలి. నోటిమాట రెండో నెలలో మారిపోతుంది.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి. 2013 చట్టంలో ఉద్యోగి అన్న నిర్వచనంలోనే ట్రైనీ, అప్రెంటిస్ ఉన్నారు. "మీరు మా ఉద్యోగులు కాదు" అని ఎవరైనా అంటే ఆ వాదన చెల్లదు. కమిటీ సభ్యుల పేర్లు కాలేజీ, సంస్థ రాసుకునే ఎంఓయూకి (అవగాహన ఒప్పందం) జతచేయించుకోండి.

ప్రమాదం జరిగితే పరిహారం యజమాని బాధ్యత, అప్రెంటిస్ చట్టం 16వ సెక్షన్. అయితే నమోదైన ఒప్పందం చేతిలో ఉంటేనే దాన్ని గట్టిగా అడగగలం. అందుకే ఒప్పందం నమోదు కాకముందు విద్యార్థిని ప్లాంటులోకి పంపకూడదు. "చేరండి, కాగితాలు తర్వాత చూద్దాం" అన్న చోట ఒక్కరోజు కూడా ఉంచవద్దు.

ప్రయాణం ఖర్చు విషయంలో తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. రోజుకి 40 కిలోమీటర్లు వెళ్లిరావడం ఇప్పుడు స్టైపెండ్‌ని తినేయదు. కానీ 6 గంటల షిఫ్టుకి అందే బస్సు ఉందో లేదో డిపోలో కనుక్కోండి. లేకపోతే అది జాగా కింద లెక్క కాదు.

గోదారిగట్టు
చాలా ధన్యవాదాలు. ఇప్పుడు నాకున్న పెద్ద భయం సర్టిఫికెట్ల కొనుగోలు. దాన్ని ఆపేదెలా? ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు షరతు కూడా ఉంది కదా, బయట ఉన్న పిల్లల హాజరు ఎవరు వేస్తారు?

బీకాం_బల్ల
హాజరు సంగతి ముందు. అప్రెంటిస్‌షిప్ సెమిస్టర్‌లో యజమాని ఇచ్చే హాజరునే కాలేజీ హాజరుగా తీసుకుంటామని యూనివర్సిటీ నుంచి, సంక్షేమ శాఖ జిల్లా అధికారి నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం లేకుండా వెళ్తే, బయోమెట్రిక్‌లో హాజరు పడక స్కాలర్‌షిప్ ఆగిందని పిల్లలు మధ్యలో వెనక్కి వస్తారు.

పటాన్‌చెరు_క్యూసీ
దొంగ సర్టిఫికెట్ పట్టనీకి కాగితం మీద కాగితం అడిగితే లాభం లేదు, అన్ని కాగితాలు అమ్ముతరు. వైవా మార్చాలె. ప్రాజెక్టు రిపోర్టు పక్కన పెట్టి, "నువ్వు చూసిన మిషన్ పొద్దుగాల ఆన్ చేసినంక మొదలు ఏం చేస్తరు? అది తప్పితే ఏమయితది? ఎవరికి చెప్తరు?" అని అడగండి. ల్యాబ్‌ల ఉన్నోడు తడుముకోకుంట చెప్తడు. లేనోడు మూడో ప్రశ్నకే దొరుకుతడు. వైవాకు కంపెనీ మెంటర్ ఫోన్‌లనన్న ఉండాలె. సగం మార్కులు ఆయన చేతిల, సగం కాలేజీ చేతిల.

రిపోర్టుల కంపెనీ రహస్యాలు రాయొద్దని గూడ చెప్పుండ్రి. మెథడ్లు, బ్యాచ్ నంబర్లు ఫోటోలు తీసి రిపోర్టుల పెట్టిన్రంటే ఆ కంపెనీ మళ్లా ఏ కాలేజీని రానియ్యదు. ఏ పని నేర్చుకున్నరో రాస్తే చాలు.

లెక్కలగంప
వారం వారం రాసే లాగ్‌బుక్ ఒక పేజీ మించకూడదు. ఈ వారం చేసిన పని, ఎన్ని గంటలు, ఏది చెడిపోయింది, ఎవరు సరిచేశారు. మెంటర్ సంతకం. ఎక్కువ పేజీలు అడిగితే ఇంటర్నెట్ నుంచి దించుతారు. ఒక లెక్చరర్‌కి 15 మందికి మించి అప్పగించకండి, నెలకొకసారైనా స్వయంగా వెళ్లి చూడాలి. ఈ ప్రయాణ ఖర్చుకి బడ్జెట్ పద్దు ఉండదు. విధానంలో పెద్ద లోటు ఇదే. కొత్త భవనాలకి కోట్లు కేటాయిస్తాం, తనిఖీకి వెళ్లే లెక్చరర్ బస్సు టిక్కెట్టుకి పద్దు లేదు. 15 మందిని చూసే లెక్చరర్‌కి ఆ పని బోధన గంటల కింద కూడా లెక్క వేయాలి, లేకపోతే ఎవరూ వెళ్లరు.

విశాఖ_విద్య
ప్రభుత్వాలు చేయగలిగినది ఇంకోటుంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024 జూన్‌లో మల్లేపల్లిలో మొదలుపెట్టారు. అదే ఏడాది యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేశారు. ఆంధ్రలో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉంది, 2024లో మంగళగిరి నుంచి నైపుణ్య గణన మొదలుపెట్టారు. ఇవన్నీ ఎవరి దారిన వాళ్లు నడిపే పథకాలు. ఐటీఐ ఒక శాఖ, డిగ్రీ కాలేజీ ఇంకో శాఖ. ఐటీఐలోని సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిషన్ మీద ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ డిగ్రీ విద్యార్థి సాయంత్రం రెండు గంటలు నేర్చుకుని క్రెడిట్ పొందే వీలు ఉండాలి. దానికి కావాల్సింది రెండు శాఖల ఉమ్మడి ఉత్తర్వు, వాడిన గంటకి ఐటీఐకి ఇంత అని ఒక రేటు. తమిళనాడు 2022లో మొదలుపెట్టిన నాన్ ముదల్వన్‌లో నైపుణ్య కోర్సులను డిగ్రీ సిలబస్‌లోనే క్రెడిట్లతో పెట్టారు. అది చూసి నేర్చుకోవాల్సిన ముక్క.

చట్టం_చదువరి
ఇంకో సందేహం తరచుగా వస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. 2024 అక్టోబర్‌లో మొదలైన పీఎం ఇంటర్న్‌షిప్ పథకం దీనికి పనికిరాదు. మొదలైనప్పటి నిబంధనల ప్రకారం, నెలకి 5,000 ఇచ్చే ఆ పథకంలో రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లే విద్యార్థికి అర్హత లేదు. దూరవిద్యలో చదివేవాళ్లు చేరవచ్చు. ఈ రెండిటికీ ఒకేసారి దరఖాస్తు పెట్టించి పిల్లల్ని అయోమయంలో పడేయకండి.

గోదారిగట్టు గారికి పని వరుస, తొమ్మిది నెలల ముందు నుంచి:

1. ముందు ఎంతమందికి జాగా ఉందో లెక్క. 40 కిలోమీటర్లలోపు 30 మంది దాటిన సంస్థల జాబితా జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. ఒక్కో సంస్థ కోటాని సిబ్బందిలో 2.5 శాతం అని మాత్రమే లెక్కలోకి తీసుకోండి, 15 కాదు. అది 60 కాకపోతే 60 మందిని చేర్చుకోకండి. 25 అయితే 25.
2. బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్ తీర్మానం. 20 క్రెడిట్లు, ఏ సెమిస్టర్, వైవా మార్కుల పంపకం.
3. ఎంఓయూ. షిఫ్టు, పనుల జాబితా, మెంటర్ హోదా, కమిటీ వివరాలు.
4. నాట్స్ పోర్టల్‌లో కాలేజీ, సంస్థ, విద్యార్థుల నమోదు. నాట్స్ పని చూసే దక్షిణాది బోర్డు ఆఫీసు చెన్నైలో ఉంది. తిప్పి పంపిన దరఖాస్తులు సరిచేసి మళ్లీ పంపడానికే నెల పెట్టుకోండి.
5. పంపేముందు 30 గంటల తయారీ తరగతులు, పైన చెప్పినవే.
6. నమోదైన ఒప్పందం చేతికి వచ్చాకే చేరిక.
7. నెల తిరగగానే సంస్థ హాజరు పోర్టల్‌లో పెట్టిందో లేదో కాలేజీ చూసుకోవాలి. అది పెట్టకపోతే కేంద్రం వాటా కదలదు.

గోదారిగట్టు
ఒకటో అంశం కళ్లు తెరిపించింది. జాగాలు లెక్కపెట్టకుండా సీట్లు ప్రకటించకూడదు. చివరిగా ఒక్క ప్రశ్న: కేంద్రం వాటా 4,500 కొందరికి వస్తోంది, కొందరికి రావట్లేదు అని చాలా కాలేజీల్లో వినిపిస్తోంది. కారణం ఏంటి?

లెక్కలగంప
సాధారణంగా రెండు కారణాలు. ఒకటి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో పొడి అక్షరంగా, చివర ఉంటుంది. బ్యాంకులో మూడో రకం. పోర్టల్‌కి అవి ముగ్గురు మనుషులు. చేరికకి మూడు నెలల ముందే అందరి మెమో, ఆధార్, పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి చూడండి. మెమోని ఆధారంగా చూపించి ఆధార్‌లో పేరు సరిచేయించడం సులువు. మెమో మార్చడం కష్టం.

రెండోది ఖాతా. బ్యాంకులో ఆధార్ ఇవ్వడం వేరు, ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్‌కి ఏ బ్యాంకులో డబ్బు వేయాలో చూపే జాబితా) ఆ ఖాతా ఉండటం వేరు. డబ్బు మ్యాపర్‌లో చివరగా నమోదైన ఖాతాకే వెళ్తుంది. విద్యార్థి మధ్యలో ఎక్కడో ఇంకో ఖాతా తెరిచి, ఆధార్ అనుసంధానానికి ఒప్పుకున్నాడంటే డబ్బు అందులో పడుతుంది, అతనికి తెలియను కూడా తెలియదు. మై ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో, ఏ తేదీన అయిందో కనిపిస్తుంది. వేరే బ్యాంకు కనిపిస్తే, కావాల్సిన బ్రాంచికి వెళ్లి ఆధార్ సీడింగ్ అంగీకార పత్రం ఇవ్వాలి. స్టేటస్ మారాక ఆ పేజీ ప్రింటు తీసి విద్యార్థి ఫైల్లో పెట్టండి. చేరిన నెలలో మళ్లీ ఒకసారి చూడండి, ఈలోపు ఇంకో ఖాతా తెరిచి ఉండవచ్చు.